పంది బదులు గుమ్మడికాయ

డెబ్బైల చివర్లో డెట్రాయిట్ పక్కన ఒక ఆసుపత్రిలో నర్సుగా చేరేనాటికి, అమెరికా అంటే తెల్లవాళ్ల దేశమని నా అభిప్రాయం. వార్డులో అడుగుపెట్టాక ఆ అభిప్రాయం కాస్త మారింది. పనిచేసేవాళ్లలో సగం మంది ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవాళ్లు. తెల్లవాళ్లు ఎక్కువగా మంచాల మీద ఉండేవాళ్లు.

ఆ ఫిలిప్పీన్స్ నర్సుల్లో పెద్దావిడని అందరూ "ఆతే" అని పిలిచేవాళ్లు. వాళ్ల భాషలో అక్క అని అర్థం. నేనూ అలాగే పిలిచేదాన్ని. పొట్టి మనిషి. కళ్లద్దాల మీదుగా ఒక్కసారి చూసిందంటే కొత్త డాక్టర్లు కడుక్కున్న చేతులే మళ్లీ కడుక్కునేవాళ్లు. మధ్యాహ్నం బ్రేక్‌రూమ్‌లో ఆమె ఎండుచేప, నా గోంగూర రొయ్యలు వేడి చేసుకుంటుంటే మిగతావాళ్లు కాఫీ కప్పులు పట్టుకుని కారిడార్‌లోకి తరలిపోయేవాళ్లు. బల్లంతా మాకే మిగిలేది. మా స్నేహం అలా కుదిరింది.

ఆమె లాకర్‌లో మనీలా నుంచి తెప్పించుకున్న పాత పత్రికలు ఉండేవి. ఇంగ్లిషువే. వాటిలో కథలు చదవమని నాకిచ్చేది. అప్పట్లో వాళ్ల దేశంలో సైనిక శాసనం. మిగిలిన పేపర్లన్నీ శుభవార్తలే వేసేవట. "మా వాళ్లు ఎట్లా బతుకుతున్నారో పేపర్లో ఉండదు, కథల్లో ఉంటుంది" అనేది ఆతే.

చదివి నేను పెదవి విరిచాను. సైనిక శాసనం అన్నావు, ఏదమ్మా అణచివేత? నేను తెలుగు కథల మీద పెరిగిన మనిషిని. మా కథలో దుర్మార్గుడుంటే వాడికి మీసం ఉండాలి. దాన్ని మెలి తిప్పాలి. పేదవాడికి దగ్గుండాలి. ఆఖరి పేరాలో తూర్పు ఎర్రబడాలి. ఈ ఫిలిప్పీన్స్ కథల్లో తూర్పు ఊసే లేదు. ఒక కథలో పక్కింటాయన గుమ్మంలోకి రాగానే తండ్రి లేచి రేడియో గొంతు తగ్గిస్తాడు. ఆయన వెళ్లాక మళ్లీ పెంచుతాడు. కథ అయిపోయింది! ఇంకోదాంట్లో ఎవరో ఆఫీసరు వస్తున్నాడని టీచరమ్మ బడిపిల్లల్ని ఎండలో నిలబెట్టి స్వాగతగీతం నేర్పుతుంది. ఆఫీసరు రాడు. టీచరమ్మ ఇంటికెళ్లి సొంత కూతురు ఏదో కూనిరాగం తీస్తుంటే చెంప పగలగొడుతుంది. అంతే.

"మీవాళ్లకి కథ ముగించడం రాదా?" అని అడిగాను.

ఆతే ఎండుచేప ముల్లు తీస్తూ "ముగిస్తే రాసినవాణ్ని పట్టుకెళ్తారు. ముగించకపోతే రాసిందేంటో కనుక్కోవడానికి వాళ్లకి కొంచెం టైమ్ పడుతుంది" అంది.

ఆ తర్వాత ఇచ్చిన కథ ఒకటి నన్ను చాలా రోజులు పట్టుకుంది. ఒక మామూలు ఇల్లు. ఆదివారం భోజనానికి మేనమామ వస్తాడు. ఆయన పోలీసుశాఖలో గుమాస్తా. ఆ వారమే వీధిలో ఒక కుర్రాణ్ని జీపులో ఎక్కించుకుపోయారు. ఎటు తీసుకెళ్లారో మేనమామకి తెలుసని ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ అడగరు. తల్లి మాత్రం చేపలో మంచి ముక్క తీసి ఆయన పళ్లెంలో వేస్తుంది, రోజూ ఆ ముక్క తినే భర్త వైపు చూడకుండా.

అది చదివాక మా నాన్న సైకిలు గుర్తొచ్చింది. మా నాన్న తెనాలి దగ్గర ఒక పల్లెలో మిషన్ బడి పంతులు. తెల్లచొక్కా, చేతిగడియారం, మంచి సైకిలు. మా పేట నుంచి బడికి పోవాలంటే పెద్దవాళ్ల వీధి దాటాలి. ఆ వీధి మొదట్లో దిగేవాడు, చివరిదాకా నడిపించుకుంటూ పోయి అక్కడ మళ్లీ ఎక్కేవాడు. నేను వెనక సీటు మీద ఉండేదాన్ని. ఎందుకు నాన్నా అంటే "టైరు మీద నమ్మకం లేదమ్మా" అనేవాడు. ఆ ఒక్క వీధిలోనే నమ్మకం పోయే టైరు! ఆ మాట నమ్మి ఎన్ని ఏళ్లు పెరిగానో. బ్రేక్‌రూమ్‌లో కూర్చుని ఆ సంగతి ఆతేకి చెబుతుంటే నాకు నాన్న మీద జాలి, ఆ వీధి మీద పట్టరాని కోపం వచ్చాయి. ఆతే మాత్రం "ఇదిగో, ఇది మా కథే" అంది.

ఎనభైల్లోకి వచ్చాం. నేనూ మా ఆయనా డెట్రాయిట్ శివార్లలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇల్లు కొనుక్కున్నాం. సైనిక శాసనం ఎత్తేశామని వాళ్ల ప్రభుత్వం ప్రకటించింది. ఎత్తేసిన తర్వాతే ఆతే తమ్ముణ్ని పట్టుకెళ్లారు. అతను బడిపంతులు, కథలు రాసేవాడు. ఎక్కడుంచారో తెలియదు. తల్లి ఒక్కో ఊరి మిలిటరీ క్యాంపుకీ అన్నం క్యారేజీ తీసుకెళ్లి, ఇక్కడ లేడనిపించుకుని తిరిగొచ్చేదట. అతని ఆఖరి కథని వేస్తామన్న పత్రిక వెయ్యలేదు. టైపు ప్రతి ఒకటి, సెలవుకెళ్లొచ్చిన ఒక నర్సు మడతపెట్టిన బట్టల మధ్య పెట్టుకుని తెచ్చి ఆతేకి ఇచ్చింది.

ఆతే దాన్ని నా చేతిలో పెట్టి, జీవితంలో నన్ను మొదటిసారి ఒకటి అడిగింది. "నీ భాషలోకి మార్చు. వాణ్ని లోపలేసింది ఇది ఎవరూ వినకూడదనే. ఎక్కడో ఒకచోట, ఎవరో కొంతమంది, వాడి పేరుతో మొత్తం కథ వింటే చాలు. మా అమ్మకి ఆ మాట చెప్పుకుంటాను."

కథ ఇది. ఒక ఇంట్లో కూతురి చదువు కోసం ఒక పందిని మేపుతుంటారు. మేయర్ ఇంట్లో పండగ వస్తుంది. మేయర్ మనుషులొచ్చి చాలా మర్యాదగా, పంది ఎంత బాగుందో అని మెచ్చుకుంటారు. మెచ్చుకుని తీసుకుపోతారు. నిప్పుల మీద కర్రకి గుచ్చి తిప్పుతూ కాల్చడంలో ఆ ఇంటి తండ్రి మొనగాడు. అందుకని ఆయన్నే పిలిపిస్తారు. రోజంతా ఆయన తన పందిని తనే తిప్పుతాడు. సాయంత్రం మేయర్ భార్య స్వయంగా అరిటాకులో కాస్త మాంసం పొట్లం కట్టి పంపిస్తుంది. తల్లి దాన్ని బల్ల మీద విప్పుతుంది. ఇల్లంతా వాసన. చుట్టూ కూర్చుంటారు. ఎవరూ ముట్టుకోరు. మీసం లేదు, తూర్పు లేదు. తెలుగు చేస్తున్నప్పుడు నాకు ఏడుపొచ్చింది.

ఎక్కడ వెయ్యాలి? మా ఊళ్లో తెలుగు సంఘానికి ఏటా ఒక సావనీర్ ఉండేది. దాని సంపాదకుడు కారు తలుపుల హ్యాండిళ్లు డిజైన్ చేసే ఇంజనీరు. సాహిత్యాభిమాని. కమిటీలో ఆయన కాక ఒక డాక్టరుగారు, మా ఆయన. మా ఆయనది కార్ల కంపెనీలో బ్రేకుల విభాగం. ఇంట్లోనూ అదే ఉద్యోగం చేసేవాడు.

శనివారం మధ్యాహ్నం సంపాదకుడి గారి బేస్‌మెంట్‌లో మీటింగు. పైన ఆడవాళ్లు గారెలు వేస్తున్నారు. కింద మగవాళ్లు సాహిత్యం చేస్తున్నారు. కథ తెలుగు చేసింది నేను కాబట్టి నన్ను కింద కూర్చోబెట్టారు. అది గౌరవమని మా ఆయన ముందే చెప్పాడు.

"ఎక్సలెంట్ స్టోరీ చెల్లెమ్మా" అన్నారు సంపాదకుడు. "చదివి రాత్రంతా డిస్టర్బ్ అయ్యాను. ఒకటి రెండు చిన్న ఛేంజెస్ ఉంటాయి, ఏమనుకోకు."

మొదటిది రచయిత పేరు. అతను జైల్లో ఉన్నాడు కదా. మన వాళ్లలో చాలామందికి గ్రీన్ కార్డులు పెండింగ్‌లో ఉన్నాయి. ఇమిగ్రేషన్ వాళ్లు తెలుగు సావనీర్లు చదువుతారని కాదు, కానీ చదవరని గ్యారంటీ ఏముంది? కాబట్టి "ఒక విదేశీ కథకు అనుసరణ" అని వేద్దాం. రెండోది మేయర్. ముఖ్య అతిథిగా కాన్సులేట్ నుంచి పెద్దాయన వస్తున్నారు. మన దేశంలో కూడా ఆ మధ్య ఎమర్జెన్సీ అదీ జరిగింది కదా, ఆయన నొచ్చుకోవచ్చు. మేయర్ తీసేసి "ఒక స్వార్థపరుడు" అని పెడదాం. మూడోది, నా ముందుమాటలో "అణచివేత" అన్న పదం కటువుగా ఉంది.

"అసౌకర్యం అంటే ఎలా ఉంటుంది?" అన్నారు డాక్టరుగారు.

"స్మూత్‌గా ఉంది" అన్నారు సంపాదకుడు. రాసుకున్నారు.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన కార్పెట్ వైపు చూస్తున్నాడు.

అప్పుడు పంది దగ్గరికొచ్చారు. ఇద్దరూ గొంతు సవరించుకున్నారు. ఫ్యామిలీలు చదివే సావనీర్. వెజిటేరియన్స్ ఉన్నారు. పంది అనేసరికి పేజీ తిప్పేస్తారు. మేక అనుకుంటే? అదీ మాంసమే. దూడ? అయ్యయ్యో! చాలాసేపు ఆలోచించి సంపాదకుడు కళ్లు మూసుకుని, తెరిచి, "గుమ్మడికాయ" అన్నారు.

"గుమ్మడికాయా?"

"పెరట్లో పెద్ద గుమ్మడికాయ కాసింది. పిల్లలు దాన్ని ప్రేమగా చూసుకుంటున్నారు. స్వార్థపరుడు పట్టుకుపోయాడు. సింబాలిక్‌గా ఉంటుందమ్మా."

"తండ్రి రోజంతా గుమ్మడికాయని నిప్పుల మీద తిప్పుతాడా అండీ?"

"అక్కడ కొంచెం వర్క్ చెయ్యాలి" అని ఒప్పుకున్నారు.

"పంది పందిగానే ఉండాలి" అన్నాను.

డాక్టరుగారు నచ్చజెప్పడానికి ముందుకు వంగారు. "మీరు ఎమోషనల్ అవ్వకండి. లాజికల్‌గా చూడండి. మన ఇళ్లల్లో పందుల్ని ఎవరు పెంచుతారు? వాళ్లెవరో వేరే... మనవాళ్లు కాదు కదా. చదివేవాడికి ఇది మన ఫ్యామిలీ అనిపించాలి." అనేశాక ఆయనకి నేనెవరో గుర్తొచ్చింది. మేం ఆదివారం ఎక్కడికెళ్తామో, మా ఊరు పేరు చెప్పగానే ఊళ్లో ఏ వైపు అని తను ఒకసారి ఎందుకు అడిగారో అన్నీ కలిసి గుర్తొచ్చినట్టున్నాయి. చెవులు ఎర్రబడ్డాయి. పళ్లెం నా వైపు జరిపి, "ఇంకో గారె తీసుకోండమ్మా, వేడిగా ఉన్నాయి" అన్నారు, ఎంతో మర్యాదగా.

తీసుకున్నాను. బాగుంది కూడా. తినేసి, కాగితాలు సర్దుకుని, కథ వెనక్కి తీసుకుంటున్నానని చెప్పి మెట్లెక్కాను.

కారులో మా ఆయన "గుమ్మడికాయైనా అచ్చయ్యేది కదా" అన్నాడు. ఇంటిదాకా ఇంకేం మాట్లాడకుండా డ్రైవ్ చెయ్యమన్నాను. చేశాడు. గరాజ్‌లో కారు ఆపాక, దిగకుండానే, "మా నాన్న కూడా చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాడు" అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ సంగతి నాకు చెప్పలేదు. ఆ రోజు ఆయన మీద నా కోపం కొంచెం తగ్గింది.

సోమవారం ఆతేకి జరిగింది చెప్పడం మధ్యాహ్నం బ్రేక్‌ దాకా వాయిదా వేశాను. చివరికి చెప్పేశాను. గుమ్మడికాయ దగ్గరికొచ్చేసరికి ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, కడుపు పట్టుకుని నవ్వింది. "మా మిలిటరీ సెన్సారు కూడా దీన్ని చూశాడు. మేయర్ అన్న మాట మాత్రమే కొట్టేశాడు. పంది జోలికి రాలేదు" అంది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. ఎంతసేపటికీ తుడుచుకుంటూనే ఉంటే అప్పుడు నాకు అర్థమైంది, అది నవ్వు కాదని. ఎక్కడో ఒకచోట, ఎవరో కొంతమంది. ఆ కొంతమందిని నేను దొరకబట్టలేకపోయాను.

మిగిలింది మా చర్చి. ఒక అమెరికన్ చర్చి వాళ్లు తమ ఆరాధన అయిపోయాక మధ్యాహ్నం బేస్‌మెంట్ మాకిచ్చేవాళ్లు. గుంటూరు, ఒంగోలు, భీమవరం వైపు కుటుంబాలు. ప్రార్థన, పాటలు, తర్వాత ఎవరింటి నుంచి వాళ్లు తెచ్చిన కూరలు. భోజనాలయ్యాక సాక్ష్యాలు, అంటే దేవుడు తమకి చేసిన మేళ్లు, చెప్పుకునే సమయం. సాక్ష్యాలన్నీ ఇమిగ్రేషన్ చుట్టూ తిరిగేవి. దేవుడు మా ఊళ్లో ఎక్కువగా వీసా ఆఫీసులోనే పనిచేసేవాడు.

"కథ చదువుతాను, పాస్టరుగారూ" అంటే ఆయన ఇబ్బందిగా చూశారు. "సిస్టర్, ఇది సాక్ష్యమా, కథా?" అన్నారు. రెండూ అన్నాను. పంది ఉందని కూడా ముందే చెప్పేశాను. "పందులు మన సండే స్కూల్ పాఠాల్లోనే ఉన్నాయి" అని ఆయన దయతో ఒప్పుకున్నారు. మమ్మల్ని వెలివేసినవాళ్ల కంటే మావాళ్లు ఎంతో నయమని అనుకోకండి. ఆ బేస్‌మెంట్‌లో కూడా ఊళ్లో ఏ వైపు అనే ప్రశ్న ఉంది. మాలో మేం అడగకుండానే తెలుసుకునేవాళ్లం. పైగా మా వాళ్లందరి తండ్రులూ అమెరికాలో దిగేసరికి భూస్వాములైపోయేవాళ్లు.

ఆతే ఆ ఆదివారం వచ్చింది. ఒక్క తెలుగు ముక్క రాకపోయినా ముందు వరసలో, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను ముందుగా ఆమె తమ్ముడి పేరు పైకి చదివాను. ఇంటిపేరుతో సహా. ఆ పేరు వినగానే ఆమె తల ఎత్తింది. తర్వాత మొత్తం కథ చదివాను, మేయర్‌తో, పందితో. "ఎవరూ ముట్టుకోలేదు" అని ముగించాను.

అలవాటు కొద్దీ ఎవరో "ప్రైజ్ ది లార్డ్" అన్నారు.

వెనక వరసలో ఒక ముసలావిడ ఉండేది. ఒంగోలు దగ్గర పల్లె. కొడుకు దగ్గర కొన్ని నెలలుందామని వచ్చింది. చీర మీద కొడుకు కోటు వేసుకుని, ఎప్పుడూ నోరెత్తకుండా కూర్చునేది. కొడుకు ఆడిటింగ్ కంపెనీలో పెద్ద ఉద్యోగి. వాళ్ల నాన్నది అగ్రికల్చర్ అని అందరికీ చెప్పేవాడు. ఎన్ని ఎకరాలో మాత్రం చెప్పేవాడు కాదు. ఆవిడ కుర్చీ పట్టుకుని లేచింది.

"మాది పంది గాదమ్మాయ్, పొట్టేలు" అంది.

"అమ్మా, కూర్చో" అన్నాడు కొడుకు.

"ఉండరా. సర్కారు ఆపీసరు క్యాంపుకొచ్చాడని మునసబు మనుషులు తోలకపొయ్యారు. మా ఆయన్నే కొయ్యమన్నారు. తోలూ ఆయనే ఒలిచాడు. పొద్దుగూకినాక దొన్నెలో ఇంత కూర పంపిచ్చారు."

"అమ్మా, ఇప్పుడవన్నీ ఎందుకు? ప్లీజ్."

"ఎందుకేందిరా? ఆ పిలగాడు రాసినట్టు ముట్టుకోకుండా కూచుంటే బాగానే ఉండేది. ఆకలమ్మా. మేం తిన్నాం." కొడుకు తల మీద చెయ్యి వేసింది. "వీడికి మూలుగ బొక్క పెట్టా. చీకి చీకి ఇంకోటి కావాలని ఏడిచాడు. యాడ్నుంచి తెచ్చేది?"

ఆ పెద్ద ఉద్యోగి తల దించుకున్నాడు. తల్లి చెయ్యి మాత్రం తియ్యలేదు, అతనూ తీయించలేదు. చుట్టూ భూస్వాముల బిడ్డలంతా కాగితం పళ్లేలు చూసుకుంటూ కూర్చున్నారు. మా ఆయన లేచి వెళ్లి ఆవిడకి మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

ఆతే నా చెయ్యి పట్టుకుని లాగుతోంది. ఏమంటోంది, ఏమంటోంది? ముక్క ముక్కా చెప్పాను. విని ఆమె నెమ్మదిగా, "మేమూ తిన్నాం" అంది. "నా నర్సింగ్ చదువు కోసం మేపిన పంది అది. అందరం తిన్నాం. కరకరలాడే పంది చర్మమంతా అమ్మ తమ్ముడికే పెట్టింది, చిన్నవాడని. వాడికి అదంటే ప్రాణం. ఆకు కూడా నాకాడు. పెద్దయ్యాక వాడికి అదే సిగ్గు. కథలో అయినా అందర్నీ తినకుండా కూర్చోబెట్టాడు."

నేను ముసలావిడకి తెలుగులో చెప్పాను. ఆవిడ కుర్చీల మధ్య నుంచి మెల్లగా నడిచొచ్చి ఆతే పక్కన కూర్చుంది. మా భాష రాని మనిషి అని మరిచిపోయి, ఆమె మోకాలి మీద చెయ్యి పెట్టి తెలుగులోనే అడిగింది.

"తింటే ఏమైందమ్మా, చిన్నపిల్లోడు. ఇప్పుడు యాడుండాడు? వాడికి కూడెవరు పెడతన్నారు?"

ఆతే నా వైపు తిరిగింది. "చెప్పు, ఏమడిగింది?" అంది. చెప్పాను.

"తెలియదు" అంది ఆతే.